టెక్నాలజీ ఇస్తామన్నారు సరే, అది ఎవరి దగ్గరుంది?

2011 జూన్‌లో చైనాలో, గోబీ ఎడారిలో, ఒక అమెరికన్ కంపెనీ టెక్నీషియన్లు గాలిమర కంట్రోల్ సాఫ్ట్‌వేర్ టెస్ట్ చేస్తున్నారు. టెస్ట్ అయ్యాక రెక్కలు ఆగాలి. ఆగలేదు, హాయిగా తిరుగుతూనే ఉన్నాయి. వీళ్ళకి అనుమానమొచ్చి ఆ గాలిమరలో ఉన్న సాఫ్ట్‌వేర్ కాపీ తీసుకెళ్ళి చూస్తే అది తమదే, కానీ తాము ఇచ్చింది కాదు, ఎవరో తాళం తీసేసి మార్చిన వెర్షన్. ఆ కంపెనీ పేరు అమెరికన్ సూపర్‌కండక్టర్. గాలిమర తయారుచేసింది చైనా కంపెనీ సినోవెల్, అప్పట్లో ప్రపంచంలోనే అతి పెద్ద గాలిమరల కంపెనీల్లో ఒకటి. అమెరికన్ కంపెనీకి ఆస్ట్రియాలో ఉన్న బ్రాంచిలో పనిచేసే ఇంజినీరే కోడ్ అమ్మేశాడని తేలింది, అక్కడి కోర్టు అతన్ని జైలుకి పంపింది. 2018లో అమెరికాలో జ్యూరీ సినోవెల్‌ని దోషి అంది, చివరికి 57.5 మిలియన్ డాలర్లకి సెటిల్ చేసుకున్నారు, కానీ ఈలోపు అమెరికన్ కంపెనీ షేరు కుప్పకూలింది, దాదాపు 700 ఉద్యోగాలు పోయాయి.

ఈ కథ విన్నవాళ్ళు రెండు జట్లుగా విడిపోతారు. ఒక జట్టు "చూశారా, అందుకే మేం టెక్నాలజీ ఇవ్వం, ఇస్తే దోచేస్తారు" అంటుంది. రెండో జట్టు "కోట్ల డాలర్లు పోసి గాలిమరలు కట్టుకున్నవాడికి దాన్ని నడిపే ప్రోగ్రామ్ మార్చుకునే హక్కు లేకపోతే అదేం టెక్నాలజీ ఇవ్వడం?" అంటుంది. దొంగతనం దొంగతనమే, దానికి సాకు లేదు. కానీ కర్బన ఉద్గారాలు తగ్గించే టెక్నాలజీని పేద దేశాలకి ఇవ్వాలి అనే ముప్పై ఏళ్ళ పాత గొడవంతా ఈ రెండు మాటల మధ్యే ఇరుక్కుని ఉంది కాబట్టి ఇక్కడ మొదలుపెట్టాను.

అసలు ఇస్తామని ఎవరన్నారు? 1992లో రియోలో సంతకాలకి పెట్టిన ఐక్యరాజ్యసమితి క్లైమేట్ ఒప్పందంలో ఉంది. ఆర్టికల్ 4లో 5వ పేరా చదివితే, సంపన్న దేశాలు పర్యావరణానికి మంచి చేసే టెక్నాలజీని, దాని వెనకున్న నైపుణ్యాన్ని మిగతా దేశాలకి, ముఖ్యంగా అభివృద్ధి చెందుతున్న దేశాలకి అందేలా చూడటానికి, ప్రోత్సహించడానికి, డబ్బు పెట్టడానికి వీలైన చర్యలన్నీ తీసుకోవాలి అని రాసుంటుంది. అదే ఆర్టికల్‌లో 7వ పేరా ఇంకా ఘాటు: పేద దేశాలు తమ హామీలు ఎంతవరకు నిలబెట్టుకుంటాయన్నది సంపన్న దేశాలు డబ్బు, టెక్నాలజీ విషయంలో తమ మాట ఎంతవరకు నిలబెట్టుకుంటాయన్న దాని మీద ఆధారపడుతుంది. అంటే మీరు ఇస్తే మేం చేస్తాం, ఇవ్వకపోతే మమ్మల్ని అడక్కండి. సంతకాలు కూడా అయిపోయాయి.

మరి చిక్కెక్కడ అంటే, సంతకం పెట్టింది ప్రభుత్వాలు, టెక్నాలజీ ఉన్నది కంపెనీల చేతిలో. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు కదా, సరిగ్గా అదే. ఫలానా గాలిమర డిజైన్ ఫలానా దేశానికి ఇచ్చేయండి అని జర్మనీ ప్రభుత్వం అక్కడి కంపెనీకి ఆర్డర్ వెయ్యలేదు, వేస్తే కోర్టుకెళ్తారు. ఎక్కువలో ఎక్కువ ఆ డిజైన్ కొనుక్కోవడానికి డబ్బులివ్వగలదు, లేదంటే తన యూనివర్సిటీ తలుపులు తెరవగలదు. అందుకే ఆ పేరాలో "వీలైన చర్యలన్నీ" అనే రబ్బరు మాట వాడారు, ఎటు లాగితే అటు సాగుతుంది.

ఇంకో విషయం ముందే తేల్చుకోవాలి, లేకపోతే ఈ చర్చ ఎప్పటికీ తెగదు. టెక్నాలజీ అని మనం ఒక్క మాటలో అనేసేదాంట్లో కనీసం మూడు పొరలున్నాయి. పైన కనబడేది మెషీన్, దాన్ని ఓడలో వేసి పంపొచ్చు. దాని కింద ఆ మెషీన్‌ని నడపడం, పాడైతే బాగుచేసుకోవడం. అన్నిటికన్నా అడుగున ఉండేది ఆ మెషీన్ ఎందుకు అలా ఉందో తెలిసి, మన అవసరానికి తగ్గట్టు మార్చుకుని, తర్వాతి మోడల్ మనమే గీసుకునే సత్తా. సంపన్న దేశాలు లెక్కలు చెప్పేటప్పుడు మొదటి పొర లెక్క చెప్తాయి, ఇన్ని వేల ప్యానెళ్ళు, ఇన్ని మెగావాట్లు అని. పేద దేశాలు అడిగేది మూడోది. నిజానికి చాలాచోట్ల కొంప ముంచేది మధ్యలోది. ఊరికి దూరంగా ఉన్న ఒక చిన్న సోలార్ గ్రిడ్‌లో ప్యానెళ్ళు భేషుగ్గా పాతికేళ్ళు ఉంటాయి కానీ ఇన్వర్టర్ కొన్నేళ్ళకే పోతుంది, స్క్రీన్ మీద ఏదో ఎర్రర్ నంబర్ వస్తుంది, ఆ నంబర్‌కి అర్థం చెప్పేవాడు వేరే ఖండంలో ఉంటాడు, స్పేర్ పార్ట్ రావడానికి నెలలు పడుతుంది, ఆలోపు జనం మళ్ళీ డీజిల్ జనరేటర్ దులిపి స్టార్ట్ చేస్తారు. గోబీ ఎడారి కథలో సినోవెల్‌కి మొదటి రెండు పొరలూ ఉన్నాయి. మూడోదాని కోసమే అంత పని చేసింది.

ఇప్పుడు పేటెంట్ల సంగతి, ఎందుకంటే గొంతులు లేచేది దీని దగ్గరే. పేటెంట్లు అడ్డమా కాదా అని అడిగితే ఒక్క జవాబు లేదు, ఏ రంగం గురించి అడుగుతున్నారో చెప్పాలి.

అడ్డమైన చోటు చూద్దాం. ఓజోన్ పొరని కాపాడటానికి 1987లో మాంట్రియల్ ప్రోటోకాల్ వచ్చింది, ఫ్రిజ్‌ల్లో వాడే సీఎఫ్‌సీ గ్యాస్‌లు మానెయ్యాలి. 1990లో లండన్‌లో కూర్చుని, పేద దేశాలకి అయ్యే ఖర్చు కోసం ఒక ఫండ్ పెట్టారు, ప్రత్యామ్నాయ టెక్నాలజీని న్యాయమైన, అనుకూలమైన షరతుల మీద బదిలీ చెయ్యాలని కూడా రాసుకున్నారు. అప్పటికి సీఎఫ్‌సీ బదులు వాడాల్సిన గ్యాస్ హెచ్‌ఎఫ్‌సీ-134ఏ. ఇండియా కంపెనీలు ఆ తయారీ టెక్నాలజీ కొంటామని వెళ్తే అడిగిన ధర 25 మిలియన్ డాలర్లు. ఇక్కడివాళ్ళ లెక్కలో అది దాని విలువకి కొన్ని రెట్లు ఎక్కువ, అంటే "ఇవ్వను" అనడానికి మర్యాదైన పద్ధతి అన్నమాట. దాంతో ఇక్కడే ల్యాబుల్లో సొంతంగా ప్రాసెస్ కనిపెట్టుకోవాల్సి వచ్చింది, కనిపెట్టారు కూడా, కానీ ఏళ్ళు పట్టింది. కెమికల్స్‌లో ఇలా ఎందుకవుతుందంటే అక్కడ ఒక్క అణువు, దాన్ని తయారుచేసే ఒకటి రెండు దారులు, వాటి మీద పేటెంట్ ఉందంటే పక్కనుంచి వెళ్ళడానికి సందు ఉండదు.

సోలార్‌లో పరిస్థితి వేరు. మామూలు సిలికాన్ సెల్ మూలం 1954లో అమెరికా బెల్ ల్యాబ్స్‌లో చేసినది, ప్రాథమిక పేటెంట్లు ఎప్పుడో గడువు తీరిపోయాయి. మీద మీద వచ్చిన మెరుగుల మీద పేటెంట్లున్నా ఒకటి కాకపోతే ఇంకో దారి దొరుకుతుంది, అమ్మేవాళ్ళు కూడా చాలామంది. గాలిమరల్లో ఈ రెండిటికీ మధ్యలో ఉంటుంది. పైగా చాలామంది మర్చిపోయేది, పేటెంట్ ఏ దేశంలో తీసుకుంటే ఆ దేశంలోనే చెల్లుతుంది, మరీ పేద దేశాల్లో చాలా కంపెనీలు అసలు అప్లై కూడా చెయ్యవు. అక్కడ చట్టం ప్రకారం ఎవరైనా కాపీ కొట్టొచ్చు. కొట్టడానికి ఫ్యాక్టరీ ఏది, ఇంజినీర్ ఏడి?

పేటెంట్ పేపర్ అంటే అందరూ చదవగలిగే పబ్లిక్ డాక్యుమెంట్ అని కూడా గుర్తుపెట్టుకోవాలి. చదివినా చెయ్యలేకపోవడానికి కారణం, ఫర్నేస్ ఏ వేడి దగ్గర ఎంతసేపు ఉంచాలి, ఏ గ్యాస్ ఎప్పుడు వదలాలి, బ్యాచ్ చెడిపోయే ముందు ఏ సూచన కనిపిస్తుంది, ఇలాంటివి అందులో ఉండవు. అవి మనుషుల చేతుల్లో, ఫ్యాక్టరీ నోట్‌బుక్కుల్లో ఉంటాయి. 2008లో ఐబీఎం, నోకియా, సోనీ లాంటి కంపెనీలు కలిసి ఎకో పేటెంట్ కామన్స్ అని పెట్టి, పర్యావరణానికి పనికొచ్చే కొన్ని పేటెంట్లని ఎవరైనా ఫ్రీగా వాడుకోవచ్చు అన్నాయి. పెద్దగా వాడుకున్నవాళ్ళు లేరు, 2016లో మూసేశారు. వదులుకున్నా నష్టం లేని పేటెంట్లే ఇచ్చారని నా అనుమానం, అది పక్కన పెట్టినా ఉత్త పేపర్ ఇస్తే ఏమవుతుందో తెలిసింది. ఇంకో తమాషా ఏంటంటే, పేటెంట్ జోలికి రావద్దని ప్రపంచానికి పాఠాలు చెప్పే అమెరికాలోనే క్లీన్ ఎయిర్ చట్టంలో సెక్షన్ 308 ఉంది, గాలి కాలుష్యం తగ్గించే పేటెంట్ మీద ఒకడే కూర్చుని పోటీని చంపేస్తుంటే న్యాయమైన రాయల్టీకి లైసెన్స్ ఇమ్మని కోర్టు ఆదేశించొచ్చు. తన ఇంట్లో అవసరమనిపించి రాసుకున్నదే, బయటివాళ్ళు అడిగితే మాత్రం తప్పయిపోతుంది.

సరే, మరి టెక్నాలజీ నిజంగా చేతులు మారిన చోట ఎలా మారింది? క్లైమేట్ సదస్సుల తీర్మానాల వల్ల మాత్రం కాదు.

చైనా సోలార్ తీసుకుందాం. షి జెంగ్‌రాంగ్ అనే ఆయన ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో మార్టిన్ గ్రీన్ దగ్గర సోలార్ సెల్స్ మీద పీహెచ్‌డీ చేసి, అక్కడే కొన్నేళ్ళు పనిచేసి, తిరిగెళ్ళి 2001లో వూషీ నగరంలో సన్‌టెక్ పెట్టాడు. ఆ టెక్నాలజీ బదిలీ జరిగింది ఒక మనిషి బుర్రలో, విమానం టికెట్ ఖర్చుతో. ఇక మెషీన్లు యూరప్, అమెరికా, జపాన్ కంపెనీలే సంతోషంగా అమ్మాయి, ఎందుకంటే మెషీన్లు తయారుచేసేవాడికి సోలార్ సెల్ కంపెనీ పోటీదారు కాదు, కస్టమర్. మెషీన్‌తో పాటు దాన్ని నడిపే పద్ధతి కూడా వచ్చేసింది, అమ్మినవాడు ఫ్యాక్టరీలో నిలబడి లైన్ సెట్ చేసి మరీ వెళ్తాడు కదా. తయారైన ప్యానెళ్ళు ఎవరు కొన్నారంటే జర్మనీ, 2000లో వాళ్ళు చేసిన చట్టం ప్రకారం సోలార్ కరెంటుకి ఇరవై ఏళ్ళపాటు మంచి రేటు గ్యారంటీ. అంటే ఆస్ట్రేలియా చదువు చెప్పింది, పాశ్చాత్య కంపెనీలు మెషీన్లమ్మాయి, జర్మనీ జనం కరెంట్ బిల్లుల్లో డబ్బు కట్టారు, చైనా ఫ్యాక్టరీ పెట్టింది, ఆ తర్వాత ప్యానెల్ ధర ప్రపంచమంతటా పాతాళానికి పడింది. ఎవరూ ప్లాన్ చేసింది కాదు. సన్‌టెక్ మెయిన్ యూనిట్ 2013లో దివాలా తీసింది, అది వేరే కథ, కానీ నేర్చుకున్నది కంపెనీతో పాటు పోలేదు, పక్క కంపెనీల్లోకి వెళ్ళిపోయింది.

గాలిమరల్లో ఇంకో రకం. పెద్ద పెద్ద యూరప్ కంపెనీలు తమ డిజైన్‌ని రేపు తమకే పోటీ వచ్చేవాళ్ళకి లైసెన్స్ ఇవ్వడానికి ఇష్టపడవు, అది సహజం. ఇచ్చేది ఎవరంటే రెండో వరసలో ఉండి నాలుగు డబ్బులు అవసరమున్న చిన్న కంపెనీలు. చైనాలో గోల్డ్‌విండ్ జర్మనీలోని జాకబ్స్, రీపవర్ లాంటి కంపెనీల దగ్గర లైసెన్సులు తీసుకుని మొదలుపెట్టి, వెన్సిస్ అనే ఇంకో జర్మన్ కంపెనీతో కలిసి పనిచేసి, 2008లో ఆ వెన్సిస్‌లో మెజారిటీ వాటానే కొనేసింది. ఇండియాలో తులసి తంతి గుజరాత్‌లో బట్టల వ్యాపారం చేస్తూ, కరెంట్ ఖర్చు తట్టుకోలేక రెండు గాలిమరలు కొనుక్కుని, 1995లో సుజ్లాన్ పెట్టేశాడు, టెక్నాలజీ జర్మనీలోని సుడ్‌విండ్ అనే చిన్న కంపెనీది. ఆ కంపెనీ దివాలా తీస్తే సుజ్లాన్ అక్కడి ఇంజినీర్లని ఉద్యోగంలోకి తీసుకుని జర్మనీలోనే డిజైన్ ఆఫీస్ పెట్టింది. లైసెన్స్ పేపర్ మీద ఉన్నదానికన్నా ఆ ఇంజినీర్ల బుర్రల్లో ఉన్నదే ఎక్కువ విలువైంది. ఈ రెండు కంపెనీలకీ ఇంకో బలం ఉంది, సొంత దేశంలో పెద్ద మార్కెట్. వంద గాలిమరలు పెడితే మొదటి పదింటిలో చేసిన తప్పులు మిగతా తొంభైలో దిద్దుకోవచ్చు. ఏడాదికి పది గాలిమరలు పెట్టే చిన్న దేశానికి ఆ అవకాశమే లేదు, చైనాలా చెయ్యండి అని సలహా చెప్పేవాళ్ళు ఈ ముక్క మింగేస్తారు.

మార్కెట్ అన్నాం కాబట్టి డబ్ల్యూటీఓ, అంటే ప్రపంచ వాణిజ్య సంస్థ, గోల కూడా చూడాలి. చైనా 2005లో గాలిమరల్లో 70 శాతం విడిభాగాలు దేశంలోనే తయారవ్వాలని షరతు పెట్టి, సొంత ఫ్యాక్టరీలు నిలదొక్కుకున్నాక 2009లో తీసేసింది. ఇండియా 2010లో మొదలుపెట్టిన సోలార్ మిషన్‌లో అలాంటి షరతే పెడితే 2013లో అమెరికా డబ్ల్యూటీఓకి వెళ్ళింది, 2016లో ఇండియా ఓడిపోయింది. ఇండియా ఊరుకోకుండా అదే ఏడాది అమెరికా రాష్ట్రాల్లో ఉన్న ఇలాంటి షరతుల మీద తిరిగి కేసు వేసింది, 2019లో డబ్ల్యూటీఓ విచారణ బృందం దగ్గర గెలిచింది. ఆ తర్వాత 2022లో అమెరికా తెచ్చిన ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్‌లో దేశీయంగా తయారైన పరికరాలు వాడితే అదనపు పన్ను రాయితీ పెట్టారు. చెప్పేవి శ్రీరంగనీతులు అని ఊరికే అనలేదు మనవాళ్ళు.

పోనీ డబ్బిచ్చి మార్కెట్ ద్వారానే బదిలీ చేయిద్దాం అనుకుని కూడా ఒక ప్రయోగం చేశారు. 1997 క్యోటో ప్రోటోకాల్‌లో సీడీఎం అని ఒక ఏర్పాటు, పేద దేశంలో ఎవరైనా ఉద్గారాలు తగ్గించే ప్రాజెక్ట్ పెడితే టన్నుకో క్రెడిట్ వస్తుంది, ఆ క్రెడిట్ సంపన్న దేశాలు కొనుక్కుంటాయి, ఆ డబ్బుతో పాటే కొత్త టెక్నాలజీ కూడా నడిచొస్తుంది అని ఆశ. కొన్ని మంచి ప్రాజెక్టులు వచ్చాయి, కాదనను. కానీ క్రెడిట్లలో పెద్ద ముద్ద ఎటు పోయిందో చూడండి. ఏసీల్లో వాడే హెచ్‌సీఎఫ్‌సీ-22 గ్యాస్ తయారుచేసేటప్పుడు హెచ్‌ఎఫ్‌సీ-23 అనే వ్యర్థ గ్యాస్ కొద్దిగా వస్తుంది. దీని ఒక టన్ను, అప్పటి లెక్కలో 11,700 టన్నుల కార్బన్ డై ఆక్సైడ్‌తో సమానం. కాబట్టి ఒక ఇన్సినరేటర్ పెట్టి ఒక టన్ను కాల్చేస్తే 11,700 క్రెడిట్లు. కాల్చడానికి అయ్యే ఖర్చు క్రెడిట్‌కి ఒక యూరో కూడా కాదు, అమ్మితే దానికి పదింతలు వచ్చిన రోజులున్నాయి. అసలు సరుకు కన్నా చెత్త కాల్చడంలోనే లాభం ఎక్కువైపోయింది, కొన్ని ప్లాంట్లలో క్రెడిట్లు వచ్చే రోజుల్లో వ్యర్థం ఎక్కువ పుట్టడం, రాని రోజుల్లో తగ్గిపోవడం కూడా బయటపడింది. మొత్తం ఇలాంటివి 19 ప్లాంట్లు, ఎక్కువ చైనా, ఇండియాల్లో. 2013 నుంచి యూరప్ ఈ క్రెడిట్లు తీసుకోవడం మానేసింది. కొండని తవ్వి ఎలుకని పట్టారంటారు, ఇక్కడ ఎలుక కూడా కాదు, దొరికిన టెక్నాలజీ ఒక ఇన్సినరేటర్.

ఇప్పుడు నా దృష్టిలో పేటెంట్ల కన్నా ఎక్కువ దేశాల్ని ఆపుతున్న అసలు గోడ దగ్గరికి వద్దాం, అది వడ్డీ. దీన్ని ఒక చిన్న లెక్కతో చూస్తే బాగా అర్థమవుతుంది. 10 లక్షల డాలర్ల సోలార్ ప్లాంట్, మొత్తం అప్పు, 25 ఏళ్ళలో సమాన వాయిదాల్లో తీర్చాలి. 4 శాతం వడ్డీకి దొరికితే ఏడాది వాయిదా దాదాపు 64 వేల డాలర్లు. అదే 12 శాతం అయితే లక్షా 27 వేలు దాటుతుంది. అవే ప్యానెళ్ళు, అదే ఎండ, ఇంకా మాట్లాడితే పేద దేశంలో ఎండ ఎక్కువ, కానీ యూనిట్ కరెంట్ ఖరీదు రెండింతలు. సోలార్‌కి ఇంధనం ఖర్చు లేదు, ఖర్చంతా మొదటి రోజే పెట్టెయ్యాలి, అందుకే వడ్డీ దెబ్బ దానికి గట్టిగా తగులుతుంది. డీజిల్ జనరేటర్ అయితే కొనేటప్పుడు చవక, తర్వాత జీవితాంతం రక్తం తాగుతుంది, అయినా చేతిలో డబ్బు లేనివాడికి అదే అందుబాటులో ఉంటుంది. తెలివి లేక కొనట్లేదు ఎవరూ. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో నాణ్యమైన సోలార్ వనరుల్లో 60 శాతం ఆఫ్రికాలో ఉన్నాయి, 2022 రిపోర్ట్ నాటికి పెట్టిన సోలార్ కెపాసిటీలో ఆఫ్రికా వాటా మాత్రం 1 శాతం. దీనికి తోడు అప్పు డాలర్లలో, కరెంట్ బిల్లులు వచ్చేది సొంత కరెన్సీలో, ఆ కరెన్సీ పడిపోయిందంటే కంపెనీ గోవిందా.

2009లో కోపెన్‌హేగన్ క్లైమేట్ సదస్సులో సంపన్న దేశాలు పేద దేశాల కోసం ఏడాదికి 100 బిలియన్ డాలర్లు 2020 నాటికి సమకూరుస్తామన్నాయి. సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ లెక్కల్లోనే అది మొదటిసారి దాటింది 2022లో, అందులో పెద్ద భాగం అప్పులే. 2024లో బాకులో 2035 నాటికి ఏడాదికి 300 బిలియన్లు అన్నారు. ఇక సంస్థల సంగతంటే, 2010లో కాంకున్‌లో టెక్నాలజీ మెకానిజం అని పెట్టి ఒక కమిటీ, కోపెన్‌హేగన్ కేంద్రంగా సీటీసీఎన్ అని ఒక నెట్‌వర్క్ ఏర్పాటు చేశారు. దేశాలు అడిగితే నిపుణుల్ని పంపుతారు, స్టడీలు చేస్తారు. పనికిరాదనను కానీ సమస్య ఏనుగంత ఉంటే ఇది దాని తోకంత.

చిన్నగా మొదలైనా లోతుగా పాతుకున్నవి వేరే ఉన్నాయి. నేపాల్ గోబర్ గ్యాస్ చూడండి. ముందు ఇండియాలో వాడే ఇనుప డ్రమ్ము మోడల్ అక్కడికి వెళ్ళింది, అంత పెద్ద డ్రమ్ముని కొండల మీదికి మోసుకెళ్ళడమే ఒక యజ్ఞం, ఆపైన తుప్పు. దాంతో వాళ్ళు డ్రమ్ము లేకుండా భూమిలోనే డోమ్ కట్టే డిజైన్ తమకి సరిపోయేలా తయారుచేసుకున్నారు, దాని పేరు జీజీసీ 2047, ఆ 2047 వాళ్ళ క్యాలెండర్ సంవత్సరం, అంటే మన 1990. కట్టే పద్ధతి భలే ఉంటుంది. గొయ్యి తవ్వి, రాయితోనో ఇటుకతోనో గుండ్రటి గోడ లేపి, లోపలంతా మట్టి నింపేసి, ఆ మట్టినే పైన బోర్లించిన గిన్నెలా నున్నగా మలిచి, దాని మీద కాంక్రీట్ పోస్తారు. కాంక్రీట్ గట్టిపడ్డాక లోపలికి దిగి మట్టంతా తవ్వి బయటికి తీసేస్తే డోమ్ మిగులుతుంది. ఖరీదైన సెంట్రింగ్ అక్కర్లేదు, ఊరి మేస్త్రీకి ట్రైనింగ్ ఇస్తే చాలు. 1992లో నెదర్లాండ్స్ సాయంతో పెద్ద ప్రోగ్రామ్ మొదలైంది, వాళ్ళు తెచ్చింది కొత్త మెషీన్ కాదు, తనిఖీ పద్ధతి. కట్టిన ప్లాంట్లలో కొన్నిటిని వెళ్ళి కొలిచి చూస్తారు, తేడా ఉంటే కట్టిన కంపెనీకి వచ్చే డబ్బులో కోత, కట్టాక కొన్నేళ్ళు సర్వీస్ గ్యారంటీ. లక్షల్లో ప్లాంట్లు వచ్చాయి. టెక్నాలజీ బదిలీ అంటే సూటు బూటు వేసుకున్నవాళ్ళు గుర్తొస్తారు కానీ నాకైతే ఇదే అసలైన ఉదాహరణ.

ఈ మొత్తం చర్చలో పాత మ్యాప్ ఒకటి ఇంకా గోడకి వేలాడుతోంది, పైన ఇచ్చేవాళ్ళు, కింద పుచ్చుకునేవాళ్ళు. అది మారిపోయింది. ఎలక్ట్రిక్ కార్లలో వాడే ఎల్‌ఎఫ్‌పీ (లిథియం, ఇనుము, ఫాస్ఫేట్) బ్యాటరీ మూలం 1990ల్లో అమెరికాలో టెక్సస్ యూనివర్సిటీలో జాన్ గుడెనఫ్ బృందం చేసిన పని. దాన్ని చవగ్గా, భారీగా తయారుచెయ్యడం నేర్చుకున్నది చైనా. 2023లో ఫోర్డ్ కంపెనీ మిషిగన్‌లో బ్యాటరీ ఫ్యాక్టరీ ప్రకటించినప్పుడు టెక్నాలజీ లైసెన్స్ తీసుకున్నది చైనా కంపెనీ సీఏటీఎల్ దగ్గర, దాని మీద అమెరికా రాజకీయాల్లో పెద్ద రభస. 2025 జులైలో చైనా ఎల్‌ఎఫ్‌పీ క్యాథోడ్ (బ్యాటరీలో పాజిటివ్ వైపు ఉండే పదార్థం) తయారీ టెక్నాలజీని ఎగుమతి ఆంక్షల జాబితాలో పెట్టింది, ప్రభుత్వ పర్మిషన్ లేకుండా బయటికి ఇవ్వకూడదు. బ్యాటరీలు ఎన్నైనా కొనుక్కోండి, తయారీ మాత్రం అడక్కండి. మొదటి పొర ఇస్తాం, మూడోది ఇవ్వం. 1990ల్లో ఇండియా కంపెనీలు విన్న మాటే, చెప్పేవాళ్ళు మారారు.

చివరిగా కెన్యా గురించి చెప్పాలి, ఎందుకంటే మూడు పొరలూ విడివిడిగా ఎలా ప్రయాణిస్తాయో అక్కడ స్పష్టంగా కనబడుతుంది. రిఫ్ట్ లోయలో ఓల్కారియా దగ్గర భూమి లోపలి వేడితో కరెంట్ తీస్తారు, మొదటి 15 మెగావాట్ల యూనిట్ 1981లో మొదలైంది, ఇవాళ దేశం మొత్తం కరెంటులో దాదాపు 40 శాతం ఈ వేడిదే. టర్బైన్లు ఇప్పటికీ ఎక్కువగా జపాన్ నుంచే వస్తాయి. కానీ జియోథర్మల్‌లో కష్టం టర్బైన్ కాదు, ఎక్కడ తవ్వాలో తెలియడం. ఒక్కో బావికి మిలియన్ల డాలర్లు, కిలోమీటర్ల లోతు తవ్వాక ఆవిరి రాకపోతే అంతా బూడిదలో పోసిన పన్నీరే, అందుకే ప్రైవేట్ కంపెనీలు ఆ రిస్క్ తీసుకోవు, కెన్యా ప్రభుత్వమే తవ్వకానికి సొంత కంపెనీ పెట్టుకుంది. మరి తవ్వేవాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారు? ఐస్‌లాండ్‌లో 1979 నుంచి ఐక్యరాజ్యసమితి యూనివర్సిటీ పేరుతో ఆర్నెల్ల ట్రైనింగ్ ఒకటి నడిచింది, పేద దేశాల ఇంజినీర్లని, జియాలజిస్టులని పిలిచి రాళ్ళు చదవడం, బావి లెక్కలు, రిజర్వాయర్ ఎలా ప్రవర్తిస్తుందో నేర్పి పంపేవాళ్ళు. అక్కడ చదివినవాళ్ళలో కెన్యావాళ్ళు చాలామంది, ఏటా కొందరు చొప్పున దశాబ్దాల పాటు వెళ్ళారు, తిరిగొచ్చి ఒకే చోట, ఒకే లోయలో, ఒకరి తర్వాత ఒకరు బావులు తవ్వుతూ పోయారు. 2019లో ఇథియోపియా జియోథర్మల్ బావులు తవ్వించుకోవాలనుకున్నప్పుడు కాంట్రాక్ట్ దక్కింది ఓల్కారియాలో కరెంట్ తీసే కెన్యా కంపెనీ కెన్‌జెన్‌కే, 2021లో జిబూటీలో కూడా.